ట్యాంకు కట్టిన దిబ్బ

ఎండాకాలం మొదట్లోనే మా వీధి బావిలో నీళ్ళు అడుక్కి దిగిపోయేవి. చేద వదిలితే ముందు రాయికి తగిలిన చప్పుడు వినిపించేది, తరవాతే నీళ్ళ చప్పుడు. పైకి వచ్చిన నీళ్ళు పల్చటి టీ రంగులో ఉండేవి. పాత చీర మడతల్లో వడగట్టి, ఇండుపగింజ అరగదీసి కుండలో కలిపి, మట్టి అడుక్కి చేరాక పైన తేరిన నీళ్ళు తాగేవాళ్ళం. కాస్త కలిగినవాళ్ళు బలిఘట్టం దగ్గర ఏట్లో చెలమల నుంచి కావిళ్ళతో తెప్పించుకునేవారు. మేం అంత కలిగినవాళ్ళం కాదు.

మాది నర్సీపట్నం. డెబ్భైల్లో అది పల్లెటూరికి పెద్దది, పట్నానికి చిన్నది. కొండల మీంచి దిగేవాళ్ళకీ, కోటవురట్ల నుంచీ మాకవరపాలెం నుంచీ బెల్లం బళ్ళు తోలుకొచ్చేవాళ్ళకీ మాదే బజారు, మాదే ఆస్పత్రి, మాదే తాలూకా ఆఫీసు. సినిమా హాలు కూడా ఉంది. అన్నీ ఉన్నాయని మురిసిపోయేవాళ్ళం గాని, తాగే నీళ్ళు లేవని ఎవరికీ సిగ్గుగా ఉండేది కాదు. అలవాటైన కష్టానికి సిగ్గుండదు కాబోలు.

నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. అమ్మ మాకవరపాలెం అవతల పల్లెటూరి రైతుబిడ్డ. ఆయన మాట్లాడితే పాఠం చదివినట్టుండేది. అమ్మ మాట పొలం గట్టు మీది మాట. పెళ్ళైన కొత్తలో ఆవిడ భాష దిద్దుదామని చూశారట. ఏడాది తిరక్కుండానే ఓడిపోయారని అమ్మే నవ్వుతూ చెప్పేది.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు చెల్లెలు పుట్టింది. చెల్లెలు అంటున్నాను గాని, అది మాతో ఉన్నది ఒక శీతాకాలం, ఆ పైన సగం ఎండాకాలం. బుజ్జిది అనేవాళ్ళం. బోర్లాపడడం నేర్చుకుంది. నా జడ చేతికందితే వదిలేది కాదు, నేను కసురుకునేదాన్ని. పళ్ళింకా రాలేదు. అమ్మ వెండి ఉగ్గుగిన్నెతో పాలు పట్టేది, పాలు చాలనప్పుడు కాసిని నీళ్ళు కలిపేది. వైశాఖంలో ఒకరోజు పొద్దున్న విరేచనాలు పట్టుకున్నాయి. మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే కళ్ళు లోపలికి పోయాయి. ఆ వారంలో మా ఊళ్ళో అలా పోయిన పసిపిల్ల అదొక్కతే కాదు. నీళ్ళు కాచి తాగండని డాక్టరుగారు అందరికీ చెప్తున్నారు, అందరూ తలూపుతున్నారు.

చిన్నపిల్లలు పోతే మాలో పాడె కట్టరు, దహనం చెయ్యరు. తండ్రి చేతుల మీద ఎత్తుకుపోయి, గొయ్యి తీసి, ఉప్పు పోసి పూడ్చి, నక్కలు తవ్వకుండా పైన ముళ్ళకంప కప్పి రాళ్ళు పెట్టి వచ్చేస్తాడు. గుర్తేమీ ఉంచరు. వెనక్కి తిరిగి చూడరు. ఆడవాళ్ళు అటు వెళ్ళరు. పదో రోజు, సంవత్సరీకం లాంటివేమీ ఉండవు. పురోహితులు మా వీధి అరుగు దగ్గర నిలబడే చెప్పారు. "పళ్ళు రాని పిల్ల కదండీ. నిప్పూ లేదు, నీళ్ళూ లేవు. తర్పణాలవీ అక్కర్లేదు." ఆయన కఠినంగా ఏమీ అనలేదు, ఉన్న పద్ధతి చెప్పారంతే. అమ్మ లోపలి గుమ్మం పట్టుకుని విన్నది. నా వేపు తిరిగి, "నీళ్ళు కూడా ఒదల్రేటే?" అని అడిగింది. నాకేం తెలుసు, నేను ఏడుస్తున్నాను.

నాన్నగారు బుజ్జిదాన్ని అమ్మ పాత చీర ముక్కలో చుట్టి తీసుకెళ్ళారు. ఊరి చివర ఒక దిబ్బ ఉండేది. ఏ వేపు చివరో రాయను, తెలిసినవాళ్ళకి తెలుసు. ముళ్ళపొదలు, సీతాఫలం చెట్లు, ఎవరూ నాటకుండానే మొలిచిన జీడిమామిళ్ళు. ఆ దిబ్బకి పేరు లేదు. ఉన్నా ఎవరూ పలికేవారు కాదు, "అటువేపు" అనేవారు. జీడిపళ్ళు అక్కడే రాలి కుళ్ళిపోయేవి గాని ఏ పిల్లలూ ఏరుకోవడానికి వెళ్ళేవారు కాదు. నాన్నగారు తిరిగొచ్చి బావి దగ్గర స్నానం చేసి, తడి బట్టలతోనే చాలాసేపు అరుగు మీద కూచున్నారు. ఆ తరవాత మా ఇంట్లో బుజ్జిదాని ప్రసక్తి రాలేదు. ఉగ్గుగిన్నె మాత్రం అమ్మ ఏ పెట్టెలో దాచిందో నాకు తెలుసు.

నాన్నగారు మారింది అప్పటి నుంచే. అంతకు ముందు ఆయనకి స్కూలు, ఇల్లు, రేడియోలో వార్తలు. ఊరి సంగతులు పట్టేవి కావు. ఆ ఎండాకాలం తరవాత స్కూలు వదలగానే సైకిలు పంచాయతీ ఆఫీసుకి తిరిగేది. ఏట్లో బావి తవ్వి, నీళ్ళు పైపుల్లో తెచ్చి, ట్యాంకుకి ఎక్కించి ఊరికివ్వాలని ఆయన పట్టు. సెలవు రోజుల్లో బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళి ఇంజనీర్ల గదుల బయట బెంచీల మీద కూచునేవారు. ఊళ్ళో కొందరు వెనకాల "నీళ్ళ మాస్టారు" అని నవ్వేవారు, ఎదురైతే నమస్కారం పెట్టేవారు. ఇక మా పెద్దమనుషులకి కమిటీ అంటే ప్రాణం. పని కన్నా ముందు కమిటీ పుట్టేది, పని పుట్టేలోగా ఆ కమిటీ ముసలిదైపోయేది. ఎన్నికలప్పుడు ట్యాంకు వచ్చేది, ఎన్నికలైపోగానే వెళ్ళిపోయేది. నాన్నగారు మాత్రం విసుక్కోకుండా పదేళ్ళు తిరిగారు. ఎందుకు తిరుగుతున్నారో ఆయన చెప్పలేదు, అమ్మ అడగలేదు. అడగవలసినంత తెలియని సంగతి కాదది.

ఎనభైల మొదట్లో ఆ ట్యాంకు నిజంగానే మంజూరైంది. అప్పటికి నేను ట్రైనింగు పూర్తి చేసి ఆడపిల్లల స్కూల్లో టీచరుగా చేరాను. కబురు తెచ్చిన రోజు నాన్నగారు చెప్పులు విడవడం మర్చిపోయి వంటింటి దాకా వచ్చేశారు. అమ్మ ఆయన చేతిలో పంచదార పోసింది.

వేరే జిల్లా నుంచి ఒక కుర్ర ఓవర్సీరు వచ్చాడు. మూడు కాళ్ళ దుర్భిణీ పెట్టుకుని వీధి వీధీ కొలిచాడు. నీళ్ళు వాటంతట అవి అన్ని వీధులకీ పారాలంటే ట్యాంకు ఎత్తు మీద ఉండాలిట. అలాంటి ఎత్తు మా ఊళ్ళో రెండే చోట్ల ఉంది. ఒకటి ఒక ఆసామి జీడితోట, అతను కోర్టుకైనా వెళ్తాను గాని సెంటు భూమి ఇవ్వనన్నాడు. రెండోది ఆ దిబ్బ. కరణంగారి లెక్కల్లో అది పోరంబోకు, ఖాళీ. స్థలం తేలకపోతే మార్చి నెలాఖరుకి మంజూరు వెనక్కి పోతుంది. ఒకసారి పోయిందంటే మళ్ళీ ఎప్పటికో ఎవరూ చెప్పలేరు.

ఊళ్ళో టముకు వేసి సభ పెట్టారు. మా స్కూలు వరండాలోనే కాబట్టి నేనూ ఇంకో ఇద్దరు టీచర్లూ వెనక బల్ల మీద కూచున్నాం. ముందు వరసలో బట్టల కొట్టు షావుకారు, రైసుమిల్లు యజమాని, రిటైరైన పోస్టుమాస్టరు, ఇంకా కమిటీ వాళ్ళు. పక్కగా నాన్నగారు. ఓవర్సీరు మ్యాపు గోడకి తగిలించి ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. చివర్లో, "నాకు అర్థం కానిది ఒకటేనండీ. ఊరికింత దగ్గర్లో ఇంత మంచి స్థలం, ఎవరూ ఇల్లు కట్టుకోలేదు, పశువుల పాకైనా వేసుకోలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు వదిలేశారు?" అని అడిగాడు.

అతనికి ఎవరో ఒకరు చెప్పాలి కదా అని నేను ఒక్కొక్కరి వేపే చూశాను. షావుకారుగారు కండువా అంచు చూసుకుంటున్నారు. మిల్లు యజమాని నేల చూస్తున్నారు. ముందు వరసలో ఉన్నవాళ్ళలో అటువేపు బరువు చేతులతో వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగి రానివారు ఎందరున్నారో నాకు తెలీదు, ఎక్కువమంది మాత్రం ఉండరు. పోస్టుమాస్టరుగారు ఆఖరికి, "అలా వదిలేశాం బాబూ" అన్నారు.

ఆ రోజు జరిగింది మా ఊరివాళ్ళు మాత్రమే చెయ్యగల పొరపాటని ఇప్పటికీ నా కోపం. పక్కవాడి పుండు కదపకూడదని ప్రతివాడూ నోరు మూసుకున్నాడు. నేను చెప్తే ఆయన బాధపడతాడని ఈయన, ఈయన బాధపడతాడని ఆయన. పసిపిల్లల మాట పదిమందిలో ఎత్తకూడదన్న మర్యాద ఒకటి. ట్యాంకు వద్దనమని కాదు. ఇది ఫలానా చోటు, ముందు అందరికీ చెప్పి, ఇంట్లో ఆడవాళ్ళకి చెప్పి, అప్పుడు పార పెట్టండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. సభ అధ్యక్షులు అభ్యంతరాలున్నాయా అని అడిగారు, మళ్ళీ అడిగారు. అందరూ నాన్నగారి వేపు చూడడం మొదలుపెట్టారు. నీళ్ళ మాస్టారు కదా. ఆయన లేచారు. గోడ మీది మ్యాపు వేపు చూస్తూ, "స్థలం బాగుంది. కానివ్వండి" అని కూచున్నారు.

అమ్మకి ఆ సంగతి మర్నాడు బావి దగ్గర తెలిసింది. పక్కింటి పిన్నిగారు, "ఇంక మన చేతులకి ఈ కాయలుండవమ్మా, అటువేపు ట్యాంకు కట్టేస్తన్నారట" అని సంబరంగా చెప్పింది. చెప్పేసి తనే నాలిక్కరుచుకుంది. అమ్మ చేతిలో తాడు ఆగిపోవడం నేను అరుగు మీంచి చూశాను. తరవాత అదే చేద పైకి లాగి, బిందె నింపి, చంకన పెట్టుకుని ఇంట్లోకి వచ్చింది.

ఆ సాయంత్రం నాన్నగారికి అన్నం వడ్డించి, మజ్జిగ పోశాక అడిగింది.

"ఎక్కడున్నాదో సెప్పండి."

"ఏమిటి?"

"మన పిల్ల."

నాన్నగారి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. "అలాంటివి అడక్కూడదు," అన్నారు.

"పదేళ్ళు అడగనేదు గదండీ. ఇప్పుడు తవ్వేస్తారట గదా. మట్టి తియ్యకముందర ఒక్క పాలి సూసొచ్చేస్తాను. అంతే."

"ఆడవాళ్ళు వెళ్ళే చోటు కాదు."

"రేపొద్దున్న ఆడకూలీలు తట్టలు మోస్తారు. ఆ ఓవర్సీరు బాబు ఎక్కడి నుంచొచ్చినాడో, ఆడు జోళ్ళేసుకుని తిరుగుతన్నాడు. నానే ఎల్లకూడదేటి?"

నాన్నగారు చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయారు. అమ్మ గొడవ చెయ్యలేదు. ఆవిడ గొడవ చేసే మనిషైతే బాగుండేది. రోజూ సాయంత్రం ఆయన రాగానే కాళ్ళకి నీళ్ళిచ్చి, టీ ఇచ్చి, "సెప్పండి, ఎక్కడున్నాదో" అనేది. ఇంకొంచెం అన్నం పెట్టనా అని అడిగినట్టుగా. ఆయన వినపడనట్టు పేపరు తిప్పేవారు. అటు దిబ్బ మీద గొడ్డళ్ళ చప్పుడు మొదలైంది. పొదలు కొట్టేస్తున్నారని, చెట్లకి కూడా వేలం వేశారని పిన్నిగారే కబుర్లు తెచ్చేది, ఇప్పుడు గొంతు తగ్గించి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకనాడు స్కూలు నుంచి వస్తూ దారిలోనే ఆయన్ని పట్టుకున్నాను. సైకిలు నడిపించుకుంటూ వస్తున్నారు.

"ఊరందరి కోసం పదేళ్ళు తిరిగారు. ఇంట్లో మనిషి అడిగిన ఒక్క మాట చెప్పలేరా నాన్నా? సభలో అభ్యంతరం మీరెందుకు చెప్పలేదు?"

ఆయన నడుస్తూనే ఉన్నారు. చాలా దూరం వెళ్ళాక అన్నారు.

"నేను కాదంటే అది ఆగిపోయేది. అందరూ నా మాట కోసమే చూస్తున్నారు. మార్చి వెళ్ళిపోయేది. ఇంకో పదేళ్ళు, ఇంకా ఎందరు పసివాళ్ళో." సైకిలు ఆపి నా వేపు తిరిగారు. "ఆ నీళ్ళ వల్లే పోయింది అది. ఆ నీళ్ళు మార్చడానికి అదే అడ్డమని నన్ను చెప్పమంటావా?"

అది విన్నా ఆయన మీద కోపం మాత్రం పోలేదు. "ట్యాంకు వద్దని అమ్మ అనలేదు నాన్నా. చోటు చూపించమంది, అంతేగా," అన్నాను. ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయారు.

సంత రోజున కూలీలు పనికి రారు. ఆ మధ్యాహ్నం అమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, పెట్టె తీసింది. ఉగ్గుగిన్నె నల్లబడిపోయి ఉంది. చింతపండు పెట్టి తోమింది. గ్లాసులో పాలు పోసుకుని, గిన్నె కొంగున ముడేసుకుని, "బేగి రాయే. మీ నాన్న సెప్పకపోతే మానె, నాను ఎతుక్కుంటాను," అంది. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని నాకు అనిపించకపోలేదు. ఆవిడ ముఖం చూశాక ఆ మాట ఎత్తలేదు.

వీధిలో ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూశారు. ఎక్కడికని ఒక్కరూ అడగలేదు.

దిబ్బ మీదికి నేను ఎక్కడం కూడా అదే మొదటిసారి. చిన్నప్పటి నుంచి ముళ్ళపొదలుగా దూరం నుంచి చూసిన చోటు బోడిగా ఉంది. ఎటు చూసినా నరికిన మొదళ్ళు, ఎండిన ఆకులు, ఈడ్చి కుప్ప వేసిన ముళ్ళకంప. ఆ రాళ్ళన్నీ ఏరి ఒక పక్క గుట్టగా పోశారు. ఆ గుట్ట చూసి అమ్మ ఆగిపోయింది. ఆ రాళ్ళు ఎవరెవరు ఏ చేతులతో పెట్టినవో ఇద్దరికీ తెలుసు. నడిమధ్య సున్నంతో పెద్ద గుండ్రం గీసి ఉంది.

వెనక సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. నాన్నగారు. పిన్నిగారో ఇంకెవరో కబురు చెప్పి ఉంటారు. ఆయన అమ్మని కోప్పడతారనుకున్నాను. ఆయన చెప్పులు విడిచి పైకి వచ్చి, మా పక్క నుంచే ముందుకి వెళ్ళిపోయారు. ఒక జీడిమామిడి మొదలు దగ్గర నిలబడి, బలిఘట్టం కొండ వేపు తిరిగి, అడుగులు వేశారు. ఆగారు. మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకో మొదలు దగ్గర నిలబడ్డారు. అక్కణ్ణించి నడిచారు. కొండని చూశారు, కింది రోడ్డుని చూశారు. మూడో మొదలు దగ్గరికి వెళ్ళి వంగి దాని మీద చెయ్యి పెట్టారు, ఏ చెట్టో ముట్టుకుంటే తెలుస్తుందేమో అన్నట్టు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. నల్లబల్ల మీద లెక్క మొదలుపెడితే ఆగకుండా చివరిదాకా వెళ్ళే మనిషి ఆయన. నేను ఆయన క్లాసులో కూడా చదివాను, తెలీదన్న మాట ఎప్పుడూ వినలేదు.

"రెండు చెట్లుండేవి," అన్నారు. "జంటగా. పెద్ద చెట్టుకి కొండ వేపు. ఏటా వచ్చి చూసేవాణ్ణి."

అమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. నేనూ చూశాను. అలాంటివి అడక్కూడదన్నాయన. పదేళ్ళుగా వైశాఖంలో ఒక రోజు స్కూల్లో ఏదో పనుందని ఆలస్యంగా వచ్చేవారని అప్పుడు గుర్తొచ్చింది. సెలవుల్లో స్కూల్లో పనేమిటని మాకెవరికీ తోచలేదు.

"పోయిన వారం కూడా ఉన్నాయి ఆ చెట్లు," అన్నారు నాన్నగారు. "నువ్వు అడిగిన రోజున ఉన్నాయి. ఇప్పుడు ఏది ఏదో తెలీడం లేదు. నాకు తెలీడం లేదే." అక్కడే, ఆ మొదలు పక్కన నేల మీద కూలబడి, పెద్దగా ఏడ్చారు. బుజ్జిది పోయిన రోజున కూడా అలా ఏడవలేదు ఆయన. పదేళ్ళు ఆ చోటుని ఒక్కరే మోసుకు తిరిగారు. అమ్మకి చెప్తే తట్టుకోలేదని చెప్పలేదు, తీరా చూపిద్దామని వచ్చేసరికి ఆయన చేతిలో ఏమీ మిగల్లేదు. నాలో కోపం ఎక్కడికి పోయిందో పోయింది.

అమ్మ ఏడవలేదు. కాసేపు ఆయన పక్కన నిలబడి, ఆయన భుజం మీద చెయ్యి వేసి తీసింది. పగటిపూట, ఆరుబయట, నా ఎదుట ఆవిడ అలా చెయ్యడం నేను చూడలేదు. తరవాత కొంగు ముడి విప్పి, ఉగ్గుగిన్నెలో పాలు పోసుకుని, సున్నం గీత దాటి లోపలికి నడిచింది. వంగి ఒక చోట కాసిని పాలు వంచింది. నాలుగడుగులు వేసి ఇంకో చోట. మళ్ళీ గిన్నె నింపుకుని ఇంకో చోట. గీత లోపలా బయటా, మొదళ్ళ దగ్గరా, రాళ్ళు తీసేసిన చోటల్లా. పసిపిల్ల నోట్లో పోసేటప్పుడు గిన్నె ఎంత వంచుతారో అంతే వంచింది.

"ఎక్కడని పోస్తావమ్మా?" అన్నాను, చూడలేక.

"ఏ పిల్ల తాగితే ఏటి," అంది అమ్మ.

ఎండిన నేల పాలని వెంటనే పీల్చేసుకుంది. గ్లాసు ఖాళీ అయ్యాక ముగ్గురం దిగి వచ్చేశాం. నాన్నగారు సైకిలెక్కకుండా మాతోపాటు ఇంటిదాకా నడిచారు.

మర్నాడు పునాదులు తవ్వడం మొదలైంది. తవ్వినప్పుడు ఏం బయటపడిందో కూలీలు చెప్పలేదు, ఊళ్ళో ఎవరూ అడగలేదు. సంత రోజు అమ్మ వెళ్ళొచ్చిందన్న కబురు మాత్రం పాకింది. తరవాత రోజుల్లో నేను స్కూలుకి వెళ్తూ చూస్తే, గీత అవతల ఒకసారి ఎవరో పెట్టిన చిన్న కొబ్బరి ముక్క, ఇంకోసారి నాలుగు బొరుగులు, ఒకసారి ఎర్ర పూసల మొలతాడు కనిపించాయి. ఓవర్సీరు వాటిని చూసి, కొత్త కట్టడానికి ఊరివాళ్ళు దిష్టి తీస్తున్నారనుకున్నాడు. ఎవరూ అతన్ని దిద్దలేదు. స్తంభాలు లేచాయి, వాటి మీద గుండ్రటి తొట్టి లేచింది, ఏటి నుంచి పైపులు వీధుల్లోకి వచ్చాయి. తుని వేపు నుంచి వచ్చినా అనకాపల్లి వేపు నుంచి వచ్చినా ముందు అదే కనిపించేది. ప్రారంభోత్సవానికి నాన్నగారిని వేదిక మీదికి పిలిస్తే జ్వరమని కబురు పంపారు. ఉపన్యాసాలన్నీ నేను విన్నాను. అందరినీ పొగిడారు, అందరికీ దండలు వేశారు.

వీధి కొళాయికి నీళ్ళు వదిలిన పొద్దున్న ఆడవాళ్ళందరూ బిందెలతో వచ్చారు. ఎప్పుడూ పనిమనిషిని పంపడమే తప్ప తను వీధిలోకి రాని మిల్లు యజమాని భార్య ఆ రోజు తనే చిన్న ఇత్తడి చెంబుతో వచ్చి, అమ్మ పక్కన నిలబడింది. కొళాయికి ఎవరో పసుపు రాశారు. ముందు గాలి బుసకొట్టింది, తరవాత కాసేపు ఎర్రగా వచ్చి, ఆ వెనక తేటగా నీళ్ళు పడ్డాయి. అడుగు కనిపించే నీళ్ళు. పిన్నిగారు దోసిలి పట్టి అలా చూస్తూ నిలబడిపోయింది. మిల్లు యజమాని భార్య చెంబు నింపుకుని, కళ్ళు తుడుచుకుని, అమ్మ చెయ్యి ఒకసారి పట్టుకుని వెళ్ళిపోయింది.

అమ్మ బిందె తెచ్చి వంటింట్లో దింపింది. వడగట్టలేదు, ఇండుపగింజ వెయ్యలేదు. గ్లాసు నింపి అరుగు మీద కూచున్న నాన్నగారికి ఇచ్చింది. ఆయన అందుకున్నారు గాని తాగలేదు. గ్లాసులోకి చూస్తూ ఉండిపోయారు. గ్లాసు ఒరిగి, నీళ్ళు అంచు మీంచి ఒలికి పంచె మీద పడుతున్నాయి. నేను తీసుకోబోయాను. అమ్మ నన్ను ఆపి ఆయన ఎదురుగా కూచుంది.

"మనం దానికి నీళ్ళొదల్నేదు గదండీ," అంది. "ఒదలకూడదన్నారు, ఊరుకున్నాం. సూడండి, అదే మనకి ఇస్తన్నాది. తాగండి."

నాన్నగారు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఆగి ఆగి, మొత్తం తాగారు.